దేవుణ్ణి విడిచిపెట్టకుండానే విగ్రహం దగ్గరకు: ఇశ్రాయేలు నుంచి మన ఇంటి దాకా

సహోదరీ, మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. సముద్రం రెండుగా చీలడం కళ్లారా చూసిన జనం నెలలు తిరగకుండానే బంగారు దూడను ఎలా చేసుకున్నారని సండే స్కూలులో ఒక పిల్లవాడు అడిగితే మీకు జవాబు తోచలేదన్నారు. డబ్బు, ఫోను, ఉద్యోగం నేటి విగ్రహాలని ప్రసంగాలలో చెప్పడం ఉత్త పోలికేనా, దానికి లేఖనాలలో ఆధారం ఏమైనా ఉందా అన్నారు. చివరగా, జ్వరం వచ్చిన మనవడి దిండు కింద మీ అమ్మగారు బైబిలు పెట్టడం విగ్రహారాధన అవుతుందా అని కాస్త జంకుతూనే అడిగారు. పాత నిబంధనను పాతికేళ్లకు పైగా బోధించిన నాకు ఈ మూడో ప్రశ్నే అన్నిటికన్నా లోతైనదిగా కనిపిస్తోంది. అయితే దాని దగ్గరకు మొదటి రెండింటి మీదుగానే వెళ్లాలి.

ముందుగా దూడ సంగతి. నిర్గమకాండము 32వ అధ్యాయాన్ని మనం సాధారణంగా నాలుగో వచనం దగ్గరే ఆపేస్తాము. జనుల చెవిపోగుల బంగారాన్ని తీసుకుని అహరోను పోతపోసిన దూడను చేశాడని, ఐగుప్తులో నుంచి నిన్ను రప్పించిన దేవుడు ఇదేనని వాళ్లు కేకలు వేశారని అక్కడ ఉంది. ఐదో వచనంలో అహరోను ఆ దూడ ఎదుట బలిపీఠం కట్టించి ఏమని చాటించాడో చూడండి: రేపు యెహోవాకు పండుగ జరుగుతుందన్నాడు. అంటే ఆ పండుగ మరొక దేవుడికి కాదు, సముద్రాన్ని చీల్చిన దేవుడి పేరు మీదనే జరిగింది. కాబట్టి ఆ పిల్లవాడికి చెప్పవలసిన జవాబు, వాళ్లు సముద్రాన్ని మరిచిపోలేదని. తమను నడిపించిన మోషే కొండెక్కి నలభై రోజులు కనిపించకుండా పోయినప్పుడు, ఆ దేవుడే తమ కంటికి కనిపించాలని, తమతో మోసుకుపోవడానికి వీలుగా ఉండాలని, అవసరం పడినప్పుడల్లా అందుబాటులో ఉండాలని కోరుకున్నారు. వేరొక దేవుడు ఉండకూడదన్న మొదటి ఆజ్ఞను మీరామని వాళ్లలో ఎవరికీ అనిపించి ఉండదు. మీరింది విగ్రహం చేసుకోకూడదన్న రెండో ఆజ్ఞను.

ఎద్దు ఆకారమే ఎందుకంటే, ఆనాటి సిరియా, కనాను ప్రాంతాలలో అది బలానికీ సంతానవృద్ధికీ గుర్తు. తుఫాను దేవుడైన హదదు ఎద్దు వీపు మీద నిలబడి ఉన్నట్టు చెక్కిన శిల్పాలు ఆ ప్రాంతంలో దొరికాయి. అందువల్ల ఆ దూడ దేవుడి బొమ్మ కాదని, కనిపించని దేవుడు నిలబడే పీఠంగా దానిని ఎంచారని చాలామంది పండితుల అభిప్రాయం. క్రీ.పూ. 930 ప్రాంతంలో రాజ్యం చీలినప్పుడు ఉత్తర రాజ్యానికి రాజైన యరొబాము బేతేలులో ఒకటి, దానులో ఒకటి దూడలను నిలబెట్టి, యెరూషలేము దాకా వెళ్లడం మీకు శ్రమ అని ప్రజలతో చెప్పిన మాట ఆ ఆలోచనకే కొనసాగింపు. అతని అసలు భయం ఏమిటో మొదటి రాజుల గ్రంథం 12వ అధ్యాయం దాచకుండా చెబుతుంది: జనం బలులు అర్పించడానికి దక్షిణాదికి వెళితే వాళ్ల మనస్సు మళ్లీ యూదా రాజైన రెహబాము వైపు తిరుగుతుందని అతను భయపడ్డాడు. రాజకీయ అవసరానికి ప్రజల సౌకర్యం అనే పేరు పెట్టాడు. దాను ఊరు ఉన్న దిబ్బలో అవ్రాహాము బిరాన్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1966లో మొదలుపెట్టిన తవ్వకాలలో విశాలమైన రాతి వేదిక బయటపడింది, దూడ మాత్రం దొరకలేదు. షోమ్రోను కొండలలో దోతానుకు దగ్గరగా ఒక గుట్ట మీద సుమారు 18 సెంటీమీటర్ల పొడవున్న కంచు ఎద్దు బొమ్మ దొరికింది, అది క్రీ.పూ. 12వ శతాబ్దానిది, అంటే న్యాయాధిపతుల కాలంగా మనం చెప్పుకొనే రోజులది.

ఇంతకన్నా ఎక్కువగా నన్ను ఆలోచింపజేసింది సీనాయి ఎడారి ఈశాన్య భాగంలో ఉన్న కుంటిల్లెత్ అజ్రుద్ అనే చోటు. అక్కడ జేవ్ మెషెల్ 1975, 1976 సంవత్సరాలలో జరిపిన తవ్వకాలలో క్రీ.పూ. 800 ప్రాంతపు పెద్ద కుండలు బయటపడ్డాయి. వాటి మీద సిరాతో రాసిన దీవెనలలో "షోమ్రోను యెహోవా పేరటను, ఆయన అషేరా పేరటను" అని ఉంది. హెబ్రోనుకు దగ్గరలో ఖిర్బెత్ ఎల్ కోమ్ అనే చోట ఒక సమాధి గోడ మీద కూడా ఇటువంటి రాతే ఉంది. ఇక్కడ అషేరా అంటే దేవతా, లేక బలిపీఠం పక్కన పాతే పవిత్రమైన కొయ్యా అన్నది ఇప్పటికీ తేలని వాదం. ఏదైనా కానీ, ఆ దీవెన రాసినవాడు యెహోవాను విడిచిపెట్టినవాడు కాడు. యెహోవా పేరు ముందు రాసి, దాని పక్కన ఇంకొకటి చేర్చినవాడు.

మన తెలుగు బైబిలు చదివేవారికి ఈ విషయం కొంత మరుగున పడడానికి అనువాదం కూడా ఒక కారణం. పాత అనువాదంలో అషేరా అన్న మాట చాలాచోట్ల "దేవతాస్తంభము" అయింది, దానితో ఆ స్తంభం వెనుక ఉన్న దేవత పేరు మన చెవిన పడదు. కనానీయుల వాన దేవుడైన బాలు లేదా బఅల్ పేరు "బయలు" అయింది. బయలు అంటే ఖాళీ స్థలమని తెలిసిన పిల్లలు, ఆరుబయట పూజలందుకునే దేవుడు కాబట్టి ఆ పేరు వచ్చిందనుకోవడం నేను తరగతిలో విన్నాను. హెబ్రీ భాషలో ఆ మాటకు యజమాని, సొంతదారు, భర్త అని అర్థం. ఈ అర్థం తెలియకపోతే హోషేయ గ్రంథం సగం మూగబోతుంది, అందుకే ఇంత చెప్పవలసి వచ్చింది.

బయలును అంతమంది ఎందుకు ఆశ్రయించారో అర్థం కావాలంటే వ్యవసాయం దగ్గరకు రావాలి. ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయంలో మోషే ఒక పోలిక చెబుతాడు: ఐగుప్తులో మీరు విత్తనాలు చల్లి కూరతోటకు పెట్టినట్టు నీళ్లు పెట్టుకున్నారు, మీరు వెళుతున్న దేశం మాత్రం ఆకాశ వర్షజలం తాగేది. మన మాటల్లో చెప్పాలంటే ఐగుప్తు మాగాణి, కనాను మెట్ట. నైలు నది పొంగు లెక్క ప్రకారం వస్తుంది, కనానులో తొలకరి తప్పినా, కడవరి వర్షం ముఖం చాటేసినా ఇంటిల్లిపాదీ పస్తుండవలసిందే. అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో వేరుశనగో జొన్నో వేసి మేఘం వైపు చూస్తూ కూర్చున్న కుటుంబంలో పుట్టినవారికి ఈ భయం ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. ఐగుప్తు నుంచి వచ్చి మెట్ట సేద్యం కొత్తగా మొదలుపెట్టిన రైతు సహజంగానే పక్క పొలం కనానీయుణ్ణి అడుగుతాడు, ఇక్కడ వాన ఎవరు కురిపిస్తారని. సిరియా తీరాన రాస్ షమ్రాలో 1929 నుంచి జరిగిన తవ్వకాలలో దొరికిన ఉగరీతు మట్టి పలకలు ఆ కనానీయుడు ఏమి జవాబు చెప్పి ఉంటాడో మనకు చెప్పాయి: మేఘాల మీద స్వారీ చేసే బయలు మరణదేవుడైన మోతు చేతిలో పడితే భూమి ఎండిపోతుంది, అతను తిరిగి లేస్తే ఆకాశం నూనె కురుస్తుంది.

సముద్రాన్ని చీల్చడం యెహోవా పని, యుద్ధంలో గెలిపించడం యెహోవా పని, కానీ వాన సంగతి ఆయనకు తెలుసో లేదో ఎవరికి తెలుసు? ఆయన ఎడారి కొండ మీద మాట్లాడిన దేవుడు కదా. కాబట్టి పండుగలకు యెహోవా దగ్గరకు వెళుతూనే, విత్తనాల వేళ బయలుకు కూడా ఒక గొర్రెపిల్లను ఇచ్చివస్తే పోయేదేముంది? మన భాషలో దీనికి చక్కని మాట ఉంది: "ఎందుకైనా మంచిది." ఇశ్రాయేలు విగ్రహారాధన చరిత్రలో ఎక్కువ భాగం తిరుగుబాటు వల్ల కాక, ఎందుకైనా మంచిదన్న ఈ జాగ్రత్త వల్ల పుట్టిందని నా అభిప్రాయం. కర్మెలు కొండ మీద ఏలీయా జనాన్ని గద్దించిన మాట కూడా దీనికి సరిపోతుంది. మీరు యెహోవాను వదిలేశారని ఆయన అనలేదు, రెండు తలంపుల మధ్య ఎన్నాళ్లు తడబడతారని అడిగాడు. పైగా ఆ ఘట్టం మూడేళ్ల కరువు మధ్యలో జరిగింది, వాన కురిపించేది ఎవరన్నదే అక్కడి పందెం. నాలుగు వందల యాభై మంది బయలు ప్రవక్తలు ఉదయం నుంచి గంతులు వేసింది కూడా ఆ వాన ఇచ్చేవాడి కోసమే.

హోషేయ ఈ రైతు భయాన్ని భార్యాభర్తల మాటల్లోకి మార్చాడు. ధాన్యము, ద్రాక్షారసము, తైలము తనకు ఇచ్చింది నేనేనని భార్యలాంటి ఇశ్రాయేలు ఎరగదు అని దేవుడు నొచ్చుకుంటాడు, ఎందుకంటే అవే బయలు ఇచ్చాడని ఆమె అనుకున్న మూడు వస్తువులు. ఒక రోజు వస్తుంది, అప్పుడు నీవు నన్ను "నా బయలు" అని పిలవవు, "నా పురుషుడు" అని పిలుస్తావు అన్న మాటలోని చమత్కారం, రెండు పదాలకూ భర్త అనే అర్థం ఉందని తెలిస్తేనే అందుతుంది. మొదటిది సొంతదారైన భర్త, రెండోది తోడైన భర్త. రుసుము చెల్లించి పని చేయించుకునే సంబంధానికీ, నమ్మి కాపురం చేసే సంబంధానికీ ఉన్న తేడా అది.

రాజులూ ప్రవక్తలూ కాకుండా మామూలు ఇళ్లలో ఏమి జరిగిందో తెలుసుకోవాలంటే న్యాయాధిపతుల గ్రంథం 17, 18 అధ్యాయాలు చదవండి. మీకా అనే మనిషి తల్లి దగ్గర 1100 వెండి నాణెములు దొంగిలిస్తాడు. ఎవరో తెలియని ఆ దొంగను తల్లి శపిస్తుంది. శాపానికి జడిసి కొడుకు డబ్బు తిరిగి ఇచ్చేస్తే, ఆమె సంతోషించి ఆ మొత్తాన్ని యెహోవాకు ప్రతిష్ఠించానని చెప్పి, అందులో 200 మాత్రం కంసాలి చేతిలో పెట్టి విగ్రహం చేయిస్తుంది. మిగతా 900 సంగతి గ్రంథకర్త ఎత్తనే ఎత్తడు, చదివేవారే నవ్వుకోవాలని కాబోలు. తరువాత దారిన పోతున్న ఒక లేవీయుణ్ణి మీకా ఏడాదికి పది నాణెములు, బట్టలు, భోజనం ఇస్తానని కుదుర్చుకుని, "లేవీయుడు నాకు యాజకుడయ్యాడు కాబట్టి యెహోవా నాకు మేలు చేస్తాడని ఇప్పుడు నాకు తెలుసు" అంటాడు. చివరకు దాను గోత్రంవారు ఆరు వందల మంది ఆయుధాలతో వచ్చి విగ్రహాన్నీ యాజకుణ్ణీ ఎత్తుకుపోతే, నేను చేయించుకున్న దేవతలను మీరు పట్టుకుపోతుంటే ఇక నాకేమి మిగిలిందని వాళ్ల వెనుక పడి మొరపెడతాడు. ఈ కథలో ప్రతి మెట్టులోనూ యెహోవా పేరు ఉంది. అతను చేసిన పనల్లా, యెహోవా మేలును ఇంట్లో నిలవ చేసుకోవడానికి ఒక ఏర్పాటు.

యూదా దేశపు ఇళ్లలో క్రీ.పూ. 8, 7 శతాబ్దాల నాటి మట్టి బొమ్మలు వందల సంఖ్యలో దొరికాయి. కింద భాగం స్తంభంలా ఉండి, రెండు చేతులతో రొమ్ములను పట్టుకున్న స్త్రీ ఆకారాలవి, యెరూషలేములోనే చాలా దొరికాయి. అవి అషేరా బొమ్మలా, బాలింతలకూ పసిబిడ్డలకూ రక్షగా పెట్టుకున్నవా అన్నది ఇప్పటికీ వాదంలోనే ఉంది. ఆలయానికి కూతవేటు దూరంలో కాపురముండే తల్లి కూడా బిడ్డకు జబ్బు చేస్తే తాకి చూసుకోవడానికి ఒకటి ఇంట్లో ఉంచుకుందన్నది మాత్రం మట్టి చెబుతున్న మాట.

ఈ తల్లుల వాదన ఏమిటో వారి నోటనే వినిపించే అధ్యాయం ఒకటి ఉంది, యిర్మీయా 44. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలిన తరువాత ఐగుప్తుకు పారిపోయిన యూదులతో యిర్మీయా మాట్లాడుతుంటే, వాళ్లు ఎదురు తిరిగి చెప్పిన జవాబు ఇది: మేము ఆకాశరాణి అనే దేవతకు ధూపం వేసిన రోజులలో మాకు కడుపునిండా తిండి ఉంది, ఏ కీడూ రాలేదు, మానేసిన దగ్గరనుంచే కత్తి, కరువు మా మీద పడ్డాయి. యోషీయా రాజు క్రీ.పూ. 622లో మొదలుపెట్టిన సంస్కరణలో ఈ పూజలన్నీ ఆగిపోయాయి, ఆ తరువాత ముప్పై ఏళ్లు దాటి కొద్ది కాలానికే రాజ్యం పోయింది. వాళ్ల లెక్కలో తేదీలు తప్పు కావు. ఈ అధ్యాయం బోధించేటప్పుడు నేను తొందరపడి యిర్మీయా పక్షం చేరను, ముందు ఆ స్త్రీల వాదన బలం విద్యార్థులకు తెలియనిస్తాను. "చేశాం, కలిసివచ్చింది, మానేశాం, దెబ్బతిన్నాం" అన్నది నేటికీ మన ఇళ్లలో అన్నిటికన్నా బలంగా పనిచేసే తర్కం. దేవుడు నమ్మదగినవాడా అని అది అడగదు, ఏది పనిచేసింది అని మాత్రమే అడుగుతుంది. ఆ పిండివంటలు భర్తలకు తెలియకుండా మేము చేశామా అని కూడా వాళ్లు అడిగారు. 7వ అధ్యాయంలో పిల్లలు కట్టెలు ఏరడం, తండ్రులు నిప్పు రాజేయడం, స్త్రీలు పిండి పిసకడం వర్ణించి ఉంది. అది ఇల్లంతా కలిసి చేసిన పని.

ఒక మాట ఇక్కడే చెప్పి ముందుకు వెళతాను. కొయ్యలో సగం పొయ్యిలో పెట్టి రొట్టె కాల్చుకుని, మిగిలిన సగానికి సాష్టాంగపడతాడని యెషయా 44లో ఉన్న వెక్కిరింతను తీసుకుని పక్కింటి హిందువుల మీద ప్రయోగించడం మన సంఘాలలో అలవాటైపోయింది. బబులోనీయులు కూడా కొయ్యే దేవుడని అనుకోలేదు. విగ్రహానికి నోరు కడగడం అనే పేరుతో వాళ్లకు ఒక సుదీర్ఘమైన క్రతువు ఉండేది. అందులో శిల్పుల చేతులను కొయ్యకత్తితో నరికినట్టు అభినయించేవారు, ఈ విగ్రహాన్ని మేము చేయలేదని శిల్పులు ప్రమాణం చేసేవారు. ప్రాణప్రతిష్ఠ గురించి విన్న తెలుగువారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ప్రవక్తకు ఆ సంగతి తెలియదని కాదు, బబులోను చెరలో ఉన్న తన సొంత జనం ఆ వైభవానికి లొంగిపోకుండా ఉండాలని ఆయన కావాలనే వెక్కిరించాడు. ప్రవక్తల విగ్రహ ఖండనలో అధిక భాగం ఇంటివాళ్లతో ఇంటిలో జరిగిన వాదం. దానిని వీధిలోకి తెచ్చి ఇరుగుపొరుగువారి మీద విసరడం నాకు సమ్మతం కాదు.

ఇక మీ రెండో ప్రశ్న. డబ్బును, ఉద్యోగాన్ని విగ్రహమనడం ప్రసంగీకుల అలంకారం కాదు, లేఖనంలోనే ఉంది. యెహెజ్కేలు 14వ అధ్యాయంలో ప్రవక్త దగ్గరకు వచ్చి కూర్చున్న పెద్దలు తమ హృదయాలలోనే విగ్రహాలను నిలుపుకున్నారని దేవుడు చెబుతాడు. వాళ్ల చేతుల్లో ఏ బొమ్మా లేదు, వాళ్లు వచ్చింది యెహోవా మాట వినడానికే. హబక్కూకు 1వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది: మనుషులను చేపల్లా పట్టుకునే కల్దీయుడు, అంటే బబులోనువాడు, తన వలకు బలి అర్పిస్తాడు, దానికి ధూపం వేస్తాడు, ఎందుకంటే దాని వల్లనే అతనికి మంచి తిండి దొరుకుతోంది. బతుకుతెరువునే దేవుడిగా చేసుకోవడాన్ని ఇంతకన్నా కొద్ది మాటల్లో చెప్పినవారు నాకు తెలియదు. పౌలు కొలొస్సయులకు రాస్తూ ధనాపేక్ష విగ్రహారాధనేనని తేల్చేశాడు. "మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు" అన్న ప్రభువు మాటలో సిరి అని మన అనువాదకులు రాసిన చోట మూలంలో మామోను అనే అరామిక్ పదం ఉంది. సంపద అని దాని అర్థం, నమ్మకం అనే అర్థమున్న ధాతువు నుంచి అది పుట్టిందని కొందరు భాషావేత్తలు అంటారు. సంపదకూ ఒక దేవతకూ ఒకే పేరైన "సిరి"ని అక్కడ ఎంచుకున్న అనువాదకుల చెవిని మెచ్చుకోవాలి, ఎందుకంటే ఆ వాక్యంలో ప్రభువు డబ్బును ఒక వస్తువుగా కాక, దాస్యం చేయించుకునే ఒక యజమానిగా నిలబెట్టాడు.

అయితే ఫోను ఎక్కువసేపు చూస్తున్నారు కాబట్టి అది విగ్రహం, క్రికెట్టంటే ప్రాణం కాబట్టి అది విగ్రహం అని లెక్కలు కట్టే ప్రసంగాలతో నాకు పేచీ ఉంది. గడియారంతో విగ్రహారాధనను కొలవలేము. పసిబిడ్డ తల్లి రోజులో దాదాపు అన్ని గంటలూ బిడ్డ మీదనే గడుపుతుంది, అది పూజ కాదు. ఇశ్రాయేలు చరిత్రను బట్టి చూస్తే రెండు ప్రశ్నలు పనికివస్తాయి. మొదటిది, వాన రాకపోతే మనస్సు ముందుగా ఎటు పరుగెత్తుతుంది? రెండోది, దాని కోసం ఎవరిని బలి ఇస్తున్నాము? రెండో ప్రశ్న గురించి కొంచెం ఎక్కువ చెప్పవలసి ఉంది.

యెరూషలేముకు దక్షిణాన హిన్నోము లోయ ఉంది. అక్కడ తోఫెతు అనే చోట కొడుకులనూ కూతుళ్లనూ అగ్నిలో దహించారని, అది తాను ఆజ్ఞాపించనిదని, తన మనస్సుకే తోచనిదని దేవుడు అన్నట్టు యిర్మీయా 7వ అధ్యాయంలో ఉంది. తాను ఆజ్ఞాపించలేదని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చిందంటే, ఆయనే ఆజ్ఞాపించాడని నమ్మి చేసినవారు ఉన్నారన్నమాట. ఏ తల్లీ తండ్రీ బిడ్డ మీద ద్వేషంతో ఆ లోయకు వెళ్లి ఉండరు; ముట్టడి, కరువు, వంశనాశనం భయంతో, మిగతా కుటుంబం బాగుపడుతుందన్న ఆశతో వెళ్లి ఉంటారు. పదో తరగతి అయిన పిల్లవాణ్ణి రెండేళ్ల పాటు హాస్టలు గోడల మధ్య ఉంచి, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టి, ర్యాంకు వస్తే ఫ్లెక్సీ, రాకపోతే చుట్టాల ముందు తలవంపులు అని చెప్పకనే చెప్పే మన ఇళ్లలో తల్లిదండ్రులు కూడా ప్రేమతోనే ఆ పని చేస్తున్నారు. చదువు విగ్రహం కాదు, ఇంజనీరింగు సీటు విగ్రహం కాదు. ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన వారంలో పత్రికలలో చదివే వార్తలు మాత్రం, ఎక్కడో ఒకచోట బిడ్డకంటే ర్యాంకు పెద్దదైందని చెబుతున్నాయి. నా కొడుకు విషయంలో నేను కూడా ఇందులో నిర్దోషిని కాను. వాడికి ఆ ఏడాది నిద్రపట్టడం లేదని నా భార్య చెబుతున్నా, ఈ రెండు నెలలూ గడిస్తే అంతా సర్దుకుంటుందని, ప్రార్థన చేస్తున్నాం కదా అని అన్నాను. ప్రార్థన అన్న మాట అక్కడ ఏ పని చేసిందో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

వ్యాపారస్తుల సంగతి ఆమోసు 8వ అధ్యాయంలో ఉంది. విశ్రాంతిదినం ఎప్పుడు అయిపోతుందా, కొట్లు తెరిచి కొలత తగ్గించి, తూకం పెంచి ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని వాళ్లు ఆరాధన మధ్యలో లెక్కలు వేసుకుంటారు. దుకాణం కట్టి ఉంచారు, ఆజ్ఞను అక్షరాలా పాటించారు, మనస్సు మాత్రం త్రాసు దగ్గర ఉంది. ఆదివారం ఆరాధనలో ప్లాటు రిజిస్ట్రేషను గురించో అమెరికా వీసా స్లాటు గురించో ఆలోచించని తెలుగు విశ్వాసి ఎక్కడైనా ఉన్నారేమో కానీ, వారిని నేను ఇంకా కలవలేదు.

బయటి విగ్రహాలను ఇన్ని లెక్కపెట్టి మందిరం లోపలివాటిని వదిలేయడం న్యాయం కాదు. యిర్మీయా ఆలయ ద్వారం దగ్గర నిలబడి, ఇది యెహోవా ఆలయము, ఇది యెహోవా ఆలయము, ఇది యెహోవా ఆలయము అని మూడుసార్లు చెప్పుకునే మోసపు మాటలను నమ్మవద్దన్నాడు. దేవుడు కట్టించుకున్న ఆలయమే ఆ రోజుకు తాయెత్తు అయిపోయింది. డిసెంబరు 31 రాత్రి తీసుకున్న వాగ్దాన కార్డును ఏడాదంతా గోడకు తగిలించి, దానిలో ఉన్న వచనం ముందువెనుకలు ఒక్కసారి కూడా చదవకపోవడం, ప్రార్థించిన నూనె సీసా అయిపోతే ఇంట్లో కాపుదల అయిపోయినట్టు కంగారుపడడం, సేవకుడి ఫొటో ఉన్న స్టిక్కరు బండికి అంటించుకుని హెల్మెట్టు మానేయడం, వీటన్నిటిలోనూ మీకా ఇంటి లేవీయుడు నాకు కనిపిస్తాడు. కార్డులో తప్పు లేదు, నూనె యాకోబు పత్రికలోనే ఉంది. దేవుడు ఇచ్చినదానిని దేవుడితో పని లేకుండా పనిచేసే సాధనంగా మార్చుకున్న దగ్గర విగ్రహారాధన మొదలవుతుంది.

ఇప్పుడు మీ అమ్మగారి దగ్గరకు వస్తాను. దిండు కింది బైబిలుకు లేఖనాలలో అన్నిటికన్నా దగ్గరి బంధువు ఇత్తడి పాము. సంఖ్యాకాండము 21లో పాము కాటు తిన్నవారు చూసి బతకాలని దేవుడే చెప్పి మోషే చేత చేయించిన వస్తువు అది. శతాబ్దాల తరువాత యూదా రాజు హిజ్కియా దానిని పగలగొట్టి, నెహుష్టాను, అంటే ఉత్త ఇత్తడి ముక్క అని పేరు పెట్టాడు. ఆ మధ్య కాలంలో పాము మారలేదు, దాని వైపు చూసే చూపు మారింది. కాబట్టి దిండు కింద పుస్తకం ఉన్నంత మాత్రాన నేను తీర్పు చెప్పలేను. రాత్రి జ్వరం దిగనప్పుడు ఆమె ఆ పుస్తకాన్ని ఇంకొంచెం తల దగ్గరకు జరుపుతారా, లేక తీసి అందులో నుంచి ఒక కీర్తన చదివి వినిపిస్తారా, పొరపాటున ఒక రాత్రి పెట్టడం మరిచిపోతే ఆమెకు కలిగేది భయమా, చిరునవ్వా అన్నది మీరు పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించడం ఆ పుస్తకం పేరుతో ఆలస్యం చేస్తున్నారా అన్నది మాత్రం ఈ రోజే చూసుకోండి. మిగతాదానికి తొందర లేదు, దిండు కింద నుంచి బైబిలు లాగేయమని నేను చెప్పను. హిజ్కియా కూడా ఇశ్రాయేలీయులు ఆ పాముకు ధూపం వేస్తూ ఉన్నందువల్లనే దానిని ముక్కలు చేశాడు.